చెరువుల దారిలో ఒక వేసవి

వేసవి సెలవులు వచ్చాయంటే మీరంతా అమ్మమ్మగారి ఊరికో, తాతయ్యగారి ఊరికో బయలుదేరుతారు గదా! బడిపంతులుగా ఉన్నన్నాళ్ళూ నాకు కూడా మీలాగే వేసవి సెలవులుండేవి. ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక ఏడాది పొడవునా సెలవే. అయినా వేసవి వచ్చేసరికి నా కాళ్ళు ఒకచోట నిలవవు. భుజాన ఒక గుడ్డసంచీ, చేతిలో మరచెంబు నిండా నీళ్ళు, అంతే నా సామాను. ఊరూరా తిరిగి పిల్లలతో, పెద్దలతో నీళ్ళ గురించీ చెట్ల గురించీ నాలుగు మాటలు చెప్పి వస్తూంటాను.

ఈ ఏడు కూడా అలాగే బయలుదేరబోతుంటే మా ఇంటావిడ, పెరుగన్నం గిన్నె సంచిలో సర్దుతూ, "ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పింది చాలదా? ఇంత ఎండలో ఎవరు వింటారండీ?" అన్నది.

"నీళ్ళ మాట చెవికెక్కేది ఎండలోనే గదా!" అన్నాను.

నేను చెప్పే పాఠం చాలా చిన్నది. రైతు తన పంటలో మంచి గింజలు కొన్ని ఏరి, విత్తనాలకని కుండలో దాచుకుంటాడు. ఇంట్లో తిండికి కటకటగా ఉన్నా ఆ కుండ జోలికి పోడు. ఎందుకంటే అవి వండుకు తింటే రేపు చల్లడానికి ఏమీ ఉండదు. భూమి లోపలి నీరు, పైనున్న మట్టి, అడవి - ఇవన్నీ విత్తనాల కుండ వంటివే. ఏటేటా వచ్చేది ఏటేటా వాడుకోవచ్చు. కుండకే చెయ్యి పెట్టకూడదు. ఇంతే నా పాఠం. ఇది చెప్పడం తేలికే. కాని చెప్పేవాడు తాను పాటించాడా లేదా అన్నది వేరే సంగతి. ఆ సంగతి దారిలోనే నాకు ఎదురైంది. అది ముందు ముందు చెబుతాను.

మొదట గుంటూరు దగ్గరి ఉప్పలపాడు వెళ్ళాను. అది చిన్న ఊరు. ఊరి చెరువులో సర్కారు తుమ్మ చెట్లున్నాయి. ఆ చెట్ల మీద పక్షులు గూళ్ళు కట్టుకుంటాయి. పెద్ద ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు, పసుపుపచ్చ ముక్కూ రెక్కల కొసన గులాబిరంగూ ఉన్న ఎర్రకాళ్ళ కొంగలు, వంకర ముక్కు తెల్ల కంకణాలు - ఒక్కొక్క చెట్టూ ఒక్కొక్క పేటలాగా ఉంటుంది. నేను వెళ్ళేసరికి వాటి కాలం అయిపోవచ్చింది. చాలా పక్షులు వెళ్ళిపోయాయి. కొన్ని గూళ్ళలో మాత్రం ఎదిగిన పిల్లలు రెక్కలు సాధన చేస్తున్నాయి.

పక్షులకు ముళ్ళచెట్లు ఎందుకు నచ్చాయో తెలుసా? చుట్టూ నీరు ఉండటం వల్ల పిల్లులూ కుక్కలూ అక్కడికి రాలేవు. ముళ్ళ వల్ల చెట్టెక్కడం కష్టం. చెరువులో నీరు ఎండిపోతే ఈ కాపలా పోతుంది. కాబట్టి చెరువును కాపాడటమంటే పక్షి గూటికి తలుపు వెయ్యడమన్నమాట. ఇక పక్షులు ఊరికి బాకీ ఉండవు. వాటి రెట్టలు కలిసిన నీరు పైరుకు మంచి బలం.

ఉప్పలపాడు నుంచి గుంటూరు వచ్చి నంద్యాల వైపు వెళ్ళే రైలెక్కాను. నరసరావుపేట, వినుకొండ, దొనకొండ దాటేసరికి పచ్చదనం తగ్గి, ఎర్రనేల, రాళ్ళగుట్టలు మొదలయ్యాయి. మార్కాపురం రోడ్డు స్టేషను వచ్చినప్పుడు ఎదుటి బెంచీ మీది కుర్రవాడిని, "ఈ ఊరి పేరు చెబితే నీకేం గుర్తుకొస్తుంది?" అని అడిగాను. వాడు దిక్కులు చూశాడు. వాడి నాన్న నవ్వి, "పలకలండీ! నేను మార్కాపురం పలక మీదే ఓనమాలు దిద్దాను," అన్నాడు. ఒక్క తరంలో పలక ఎలా మరుగున పడిపోయిందో చూడండి!

కంభం స్టేషనులో దిగాను. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ నది ఇక్కడ రెండు కొండల నడుమ సందులోంచి పోతుంది. విజయనగర రాజుల కాలంలో ఆ సందుకు అడ్డంగా కట్ట కట్టించారు. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెబుతారు. చిన్న కట్టే! కాని దాని వెనుక నిలిచిన చెరువు, నిండినప్పుడు సుమారు 7 కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అటూ ఇటూ కొండలే గోడలైనప్పుడు మనిషి కట్టవలసింది ఆ తలుపు ఒక్కటే గదా! అందులో ఉంది వాళ్ళ తెలివి. ప్రపంచంలోని పురాతన సాగునీటి కట్టడాలలో ఒకటిగా 2020లో దీనికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది.

నేను వెళ్ళినప్పుడు నీరు చాలా వెనక్కి పోయింది. పొడి నేల మీద గొర్రెలు మేస్తున్నాయి. అయినా కట్ట మీద నిలబడితే గాలి చల్లగా తగిలింది.

సాయంత్రం ఊళ్ళో ఒక వేపచెట్టు కింద నలభైమంది పిల్లలు చేరారు. నా విత్తనాల కుండ కథ చెప్పాను. చెరువులో నిలిచిన నీరు మెల్లగా నేలలోకి ఇంకి, చుట్టుపక్కల బావులకు ఎలా చేరుతుందో ఇసుక, గులకరాళ్ళు, ఒక గాజు గ్లాసు పెట్టి చూపించాను. అంతా శ్రద్ధగా విన్నారు. "ఏమైనా అడగండి," అన్నాను.

ఏడో తరగతి చదివే ఒక పిల్ల లేచి నిలబడింది. రెండు జడలు, చేతిలో ఖాళీ బిందె. మంచినీళ్ళకు వచ్చి ఆగినట్టుంది.

"మాస్టారూ, మీరు పనిచేసిన బళ్ళో బావి ఉండేదా?"

"ఉండేదమ్మా."

"ఇప్పుడుందా?"

నా నోట మాట రాలేదు. కాసేపటికి, "పొద్దుపోయింది, మిగతాది రేపు మాట్లాడుకుందాం," అని సంచీ తీసుకుని లేచాను. మర్నాడు తెల్లవారకముందే గిద్దలూరు బస్సెక్కేశాను.

బాలలూ, నాకెందుకు మాట రాలేదో మీకు చెప్పాలి.

మెట్ట ప్రాంతంలో నేను పనిచేసిన ఒక బడిలో రాతివరలు కట్టిన పాత బావి ఉండేది. 1999లో ఒక కుర్రవాడు బంతి కోసం వంగి అందులో పడబోయాడు. ఇంకొకడు చొక్కా పట్టి లాగాడు కాబట్టి బతికాడు. తల్లిదండ్రులు భయపడ్డారు. నేనూ భయపడ్డాను. అప్పటికి కొత్తగా వేసిన బోరులో నీళ్ళు పుష్కలంగా పడుతున్నాయి. ఇక బావి ఎందుకనుకుని, కూలగొట్టిన ప్రహరీ రాళ్ళు, మట్టి, చెత్త అన్నీ అందులో పోయించి పూడ్పించాను. పని బాగా చేయించానని అందరూ మెచ్చుకున్నారు కూడాను. ఒక ఇనుప కటకటం బిగిస్తే సరిపోయేది. ఆ మాట నాకు తోచలేదు. పదేళ్ళు తిరిగేసరికి బోరు ఎండిపోయింది. మరింత లోతుగా ఇంకొకటి వేశారు. అదీ ఎండిపోయింది. ఇప్పుడు ఎండాకాలంలో ఆ బడికి ట్యాంకరు వస్తేనే నీళ్ళు.

విత్తనాల కుండ కథ ఊరూరా చెప్పే నేనే ఒక కుండ పగలగొట్టాను. ఈ సంగతి నా ఉపన్యాసాలలో ఎన్నడూ చెప్పలేదు.

గిద్దలూరు నుంచి పోరుమామిళ్ళ వెళ్ళాను. అక్కడి చెరువు కంభం చెరువు కంటె పాతది. దానికీ 2020లోనే ఆ గుర్తింపు వచ్చింది. విజయనగరాన్ని ఏలిన బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించి, 1369లో రాతి మీద సంస్కృతంలో ఒక శాసనం చెక్కించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పాటు పనిచేసినట్టు అందులో ఉన్నది. ఇంతకంటె విశేషం ఇంకొకటుంది. మంచి చెరువుకు ఏమేమి ఉండాలో, ఏమేమి ఉండరాదో పాఠంలాగా ఆ శాసనం చెబుతుంది.

ఉండవలసినవి పన్నెండు. ధర్మబుద్ధి గల రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తియ్యని నీరు గల నది, ఆ నది దారిలో చీలిన కొండ, ఆ చీలికలో మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, కొండ కొసలు పంటపొలాల వైపు చొచ్చుకు రాకపోవడం, లోతూ వెడల్పూ గల చెరువు గర్భం, మంచి రాయి దొరికే గని, దిగువన చదునైన సారవంతమైన పొలాలు, వేగంగా నీళ్ళు పారే తూము, పని తెలిసిన మనుషులు. ఇందులో ఆఖరిది గమనించారా? రాజుతో మొదలుపెట్టి పనివాడితో ముగించాడు. ఎవరు లేకపోయినా చెరువు లేదు.

ఉండరాని దోషాలు ఆరు. కట్ట నుంచి నీరు కారిపోవడం, చవిటినేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. రెండు రాజ్యాల పొలిమేర దోషం ఎందుకైందో మీరే ఆలోచించండి. ఇద్దరి చెరువును ఎవరూ బాగుచెయ్యరు, ఇద్దరూ పోట్లాడుకుంటారు! ఆరున్నర శతాబ్దాల కిందట రాసిన ఈ మాట ఇవాళ కూడా పనికొస్తుంది.

అక్కడి పిల్లలకు ఈ ఆరు దోషాలూ చెప్పి, "ఏడో దోషం ఒకటి చెప్పండి చూద్దాం," అన్నాను. "చెత్త వెయ్యడం" అన్నాడొకడు. "పూడిక తియ్యకపోవడం" అన్నాడింకొకడు. ఒక ముసలాయన వెనక నుంచి, "పూడ్చేయడం, అయ్యోరూ!" అన్నాడు. ఆయనకు నా సంగతి తెలియదు. అయినా నాకు మాత్రం ఆయన నన్నే అన్నట్టుగా వినిపించింది.

పోరుమామిళ్ళ నుంచి కడప, పులివెందుల మీదుగా కదిరి చేరాను. కదిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది. దూరం నుంచి చూస్తే తోపు అనుకుంటారు. దగ్గరికి వెళితే అదంతా ఒకే చెట్టు! అది సుమారు అయిదెకరాల నేల మీద పరుచుకుంది. ప్రపంచంలో అతి పెద్ద చెట్టుగా 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

మర్రిచెట్టు ఇంత పెద్దది ఎలా అవుతుంది? కొమ్మల నుంచి ఊడలు దిగుతాయి. నేలను తాకిన ఊడ వేరూని, లావెక్కి, స్తంభమవుతుంది. ఆ స్తంభం మీద ఆనుకుని కొమ్మ ఇంకొంత ముందుకు సాగుతుంది. మొదటి మాను చచ్చిపోయినా ఊడలు చెట్టును నిలబెడతాయి. మర్రికి ఇంకొక చిత్రం ఉంది. మనం మర్రిపండు అనేదాని లోపలే దాని పువ్వులుంటాయి! ఒక జాతి బుల్లి కందిరీగ ఆ కాయ కొసనున్న సన్నని కంతలోంచి దూరి పుప్పొడి చేరుస్తుంది. ఆ కందిరీగ లేకపోతే మర్రి విత్తనం లేదు. మర్రి లేకపోతే ఆ కందిరీగ లేదు. అయిదెకరాల చెట్టుకు ఆవగింజంత పురుగు ఆధారం!

ఆ నీడలో పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని తిని, సంచి తలకింద పెట్టుకుని రెండు గంటలు నిద్రపోయాను. ఆ రోజు ఉపన్యాసం ఏమీ లేదు. చెట్టే చెప్పేసింది.

కదిరి నుంచి పాకాల వైపు వెళ్ళే రైలులో మదనపల్లె రోడ్డు దాకా వెళ్ళి, బస్సులో హార్సిలీ కొండ ఎక్కాను. సముద్ర మట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ కొండను ఏనుగు మల్లమ్మ కొండ అని కూడా అంటారు. తెల్లవాళ్ళ కాలంలో కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర ఎండాకాలంలో ఇక్కడ బస చేసేవాడు. ఎత్తు పెరిగినకొద్దీ గాలి చల్లబడుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుందని లెక్క. కింద నలభై డిగ్రీలుంటే పైన ఎంత ఉంటుందో మీరే కట్టి చూడండి.

నాలుగు రోజులు అక్కడే విశ్రాంతి తీసుకున్నాను. పొద్దున్నే నీలగిరి చెట్ల మధ్య నడక, రాగిసంకటి భోజనం, మధ్యాహ్నం పుస్తకం. సాయంత్రం నేను దిగిన బసకు కాపలా ఉండే పెద్దాయనతో బండమీద గీసిన పులిజూదం. ఆయనవి మేకలు, నావి పులులు. ప్రతిరోజూ నా పులులే కట్టుబడిపోయేవి.

మూడో రోజున, "ధ్యాస ఆట మీద లేదేం అయ్యోరా?" అన్నాడాయన. బావి కథ అంతా చెప్పాను.

ఆయన మేకను జరుపుతూ, "పూడ్చింది మన్నే గదా సామీ, తిరిగి తోడితే పోలా?" అన్నాడు.

ఇంత తేలికైన మాట ఇరవై ఏళ్ళుగా నాకు ఎందుకు తట్టలేదు? తట్టకపోవడం కాదు. తోడాలంటే ముందు తప్పు ఒప్పుకోవాలి. అందుకే మనసు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఆ రాత్రే ఆ బడి ప్రధానోపాధ్యాయురాలికి ఒక పోస్టుకార్డు రాశాను.

జూన్‌లో బడులు తెరిచిన వారానికి ఆ బడికి వెళ్ళాను. ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందూ నిలబడి, "ఈ బడిలో నీళ్ళు లేకపోవడానికి నేను కూడా ఒక కారణం," అని మొదలుపెట్టి జరిగినదంతా చెప్పాను. ముప్ఫై అయిదేళ్ళలో నాకు అంత కష్టమైన పాఠం మరొకటి లేదు. పిల్లలు నవ్వలేదు. తప్పు పట్టలేదు. "బావి ఎక్కడుండేదండీ?" అని మాత్రం అడిగారు.

పాత విద్యార్థులు చందాలు వేసుకున్నారు. నేను పింఛనులోంచి నా వంతు ఇచ్చాను. బావులు తవ్వే పనివాళ్ళు వచ్చి, కప్పీ, గంపలు కట్టి పూడిక తీయడం మొదలుపెట్టారు. దిగేముందు ప్రతిరోజూ దీపం కిందికి దించి చూసేవారు. దీపం ఆరిపోతే అక్కడ ఊపిరి ఆడే గాలి లేదన్నమాట. దీపం వెలిగినా పాత బావులలో విషవాయువు ఉండవచ్చు. కాబట్టి బాలలూ, ఎంత సరదాగా ఉన్నా మీరు మాత్రం ఏ పాత బావిలోకీ దిగకండి. అది పని తెలిసిన పెద్దలు చెయ్యవలసిన పని.

ఇరవై రెండు అడుగులు తవ్వాక తడి మట్టి వచ్చింది. నీళ్ళు రాలేదు. పనివాళ్ళు, "ఊట లేదండీ, చుట్టూ బోర్లు లాగేశాయి," అన్నారు. చాలామంది నిరుత్సాహపడ్డారు. నాకు మాత్రం బడి కప్పు కనిపించింది.

పిల్లలతో లెక్క కట్టించాను. మీరూ కట్టండి. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరవుతుంది. బడి కప్పు 20 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. అంటే 160 చదరపు మీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన కురిస్తే 96,000 లీటర్లు! అందులో నాలుగో వంతు ఆవిరైనా, చిందిపోయినా, 72,000 లీటర్లు మిగులుతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు పద్నాలుగు నిండుతాయి. ఇంతకాలం ఆ నీరంతా వీధి కాలవలో పోయింది.

కప్పు చూరుకు గొట్టాలు బిగించారు. గులకరాళ్ళు, ఇసుక నింపిన గుంటలోంచి వడకట్టి నీరు బావిలోకి పోయేట్టు చేశారు. బావి మీద ఈసారి గట్టి ఇనుప కటకటం బిగించి తాళం వేశారు. తాళంచెవి ప్రధానోపాధ్యాయురాలి దగ్గర ఉంటుంది.

మొదటి పెద్దవాన కురిసిన మర్నాడు నాకు ఫోను వచ్చింది. తాడుకు రాయి కట్టి దించి చూశారట. రెండు మూరల నీళ్ళు! అవి తాగడానికి పనికిరావు. బడికి ట్యాంకరు ఇంకా వస్తూనే ఉంది. ఆ నీళ్ళు కూడా వారం తిరిగేసరికి సగానికి దిగాయట. అలా దిగాయంటే నేలలోకి ఇంకాయన్నమాట. అదే మనకు కావలసింది. ఎండిన బోరులోకి ఆ నీరు ఎన్నాళ్ళకు చేరుతుందో చూడాలి. రెండు మూడు వానాకాలాలు ఓపిక పట్టాలి. పూడ్చడానికి నాకు మూడు రోజులు పట్టింది!

కంభంలోని ఆ పిల్ల పేరు నేను అడగలేదు. ఆమె చదివే బడికి, ఏడో తరగతి పిల్లలకని ఒక కార్డు రాశాను: "బావి ఇప్పుడు ఉంది. నీళ్ళు ఇంకా పూర్తిగా రాలేదు. వచ్చే వేసవిలో వచ్చి మిగతాది చెబుతాను. ఈసారి చెప్పకుండా బస్సెక్కను."

బాలలూ, మీకు కూడా ఒక చిన్న పని చెబుతాను. మీ ఊళ్ళో, మీ వీధిలో ఒకప్పుడు బావులు ఎక్కడెక్కడ ఉండేవో మీ తాతయ్యలనూ నాయనమ్మలనూ అడిగి కాగితం మీద గుర్తులు పెట్టండి. ఎన్ని మిగిలాయో, ఎన్ని పూడ్చారో, ఎందుకు పూడ్చారో రాసుకోండి. తరువాత మీ ఇంటి కప్పు కొలిచి, ఎన్ని లీటర్ల వాన దాని మీద పడుతుందో లెక్క కట్టి అమ్మకూ నాన్నకూ చూపించండి. పూడ్చినవారు ఎవరైనా మీకు కనిపిస్తే కోప్పడకండి. "ఇప్పుడుందా?" అని మాత్రం అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు.